డిజ్రేలీయు, ఆయన పక్షమును

విశ్వవిద్యాలయపు మెట్లెక్కకయే, పట్టము పొందకయే, తండ్రిగారి పుస్తకముల గదిలో కూర్చుండి చదువుకొని, ఒక మహాసామ్రాజ్యమునకు ప్రధానమంత్రి యైన పురుషుని చరిత్రము గ్రంథాలయ రజతోత్సవ సంచికకు తగియుండునని తలంచి, బెంజమిన్ డిజ్రేలీ జీవితమును వ్రాయ సాహసించుచున్నాను. ఆయన మన దేశమునకు మేలు చేసినవాడని కాదు. ఆ సంగతి ముందు తేలును. పాత మర్యాదలను, పాత సంస్థలను కాపాడుటకై పుట్టిన యొక రాజకీయ పక్షములో విద్యావంతులకును జనసామాన్యమునకును నడుమ పుట్టిన వైరమెట్టిదో ఆయన జీవితములో తెలిసినంత స్పష్టముగా మఱియొక చోట తెలియదు. నాలుగు పుస్తకములు చదివినవాడు చదువని పదుగురితో కలిసి ఊరి పని చేయవలసి వచ్చినపుడు కలుగు చిక్కులే అచ్చట పెద్ద రంగస్థలముపై కనబడును.

డిజ్రేలీ 1804 డిసెంబరు 21వ తేదీన లండను నగరమున జన్మించెను. తాతగారు ఇటలీ నుండి వచ్చి వర్తకమున ధనమార్జించిన యూదుడు. తండ్రి ఐజాకునకు వర్తకము రుచింపలేదు. ఆయన ప్రొద్దస్తమానము గ్రంథములలో మునిగియుండి, కవులను గూర్చియు గ్రంథకర్తలను గూర్చియు వింతలు, విశేషములు ప్రోగుచేసి ప్రకటించి పేరు గడించెను. యూదుల ప్రార్థనామందిరపు పెద్దలు ఆయనను ఒక పదవికి ఎన్నుకొనగా, ఆయన ఆ పదవి నొల్లక, దాని నిమిత్తము విధించిన 40 పౌనుల జరిమానాయు చెల్లింపక, కొంతకాలమునకు వారితో తెగతెంపులు చేసికొనెను. 1817లో బిడ్డలకు ఇంగ్లండు క్రైస్తవ సంఘమున బాప్తిస్మ మిప్పించెను. ఈ తగవు జరుగకున్నచో కుమారుడు సకాలమున పార్లమెంటు ముఖమే చూచియుండడు. ఏలనన, యూదమతస్థులకు కామన్సు సభలో కూర్చుండు హక్కు 1858 వఱకు లభింపలేదు. లెక్కలు వ్రాయువాడను గనుక ఇట్టి చిన్న పద్దులు నా కంటబడక పోవు.

శ్రీమంతుల కుమారులు ఈటన్, హారో పాఠశాలలలోను, పిమ్మట ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యాపీఠములలోను చదివి, అచ్చటి స్నేహములతోనే పార్లమెంటునకు వచ్చెడి కాలమది. డిజ్రేలీ సామాన్యమైన బడులలో చదివి, పదునేడవ యేట న్యాయవాదుల కచేరీలో పని నేర్చుకొనుటకు చేరెను. తక్కిన విద్య యంతయు తండ్రి పుస్తకములే. ఇరువది యేండ్ల ప్రాయమున దక్షిణ అమెరికా గనుల వాటాలు కొని, 1825లో ఆ బేరము కూలిపోగా తలకు మించిన అప్పులలో పడెను. ఆ అప్పు నడివయస్సు దాటు వఱకు ఆయన వెంట నడచినది. 1826లో వివియన్ గ్రే యను నవలను పేరు చెప్పకుండ ప్రకటించెను. పేరు బయటపడినపుడు కీర్తితోపాటు గేలియు చాలినంత లభించెను. 1830లో బయలుదేరి గ్రీసు, తురుష్క దేశము, జెరూసలేము, ఈజిప్టు చూచి వచ్చెను. ఉంగరములు, జరీ చొక్కాలు, నుదుట వ్రేలాడు ఉంగరాల జుట్టు, ఈ వేషముతో లండను విందులలో తిరుగు యువకుని చూచి గంభీరులైన పెద్దలు మొగము త్రిప్పుకొనిరి.

1832 మొదలు 1835 లోపల నాలుగుసారులు ఎన్నికలకు నిలిచి నాలుగుసారులును ఓడెను. మొదట ఏ పక్షమునకును చేరని ప్రజావాదిగా నిలిచినవాడు 1835 నాటికి టోరీ యయ్యెను. శత్రువులు దీనిని ఊసరవెల్లితన మనిరి. పూర్తిగా కాదనలేము గాని, ఆయన తలపు మొదటినుండి ఒక్కటే యని నాకు తోచుచున్నది. సింహాసనము, దేవాలయము, పాత ప్రభువంశములు ఒకవైపు, కాయకష్టము చేయు ప్రజలు వేఱొకవైపు, ఈ రెండును సహజ మిత్రులనియు, నడుమ పుట్టిన ధనికవర్గమే ఇరువురకును శత్రువనియు ఆయన నమ్మెను. 1837లో మెయిడ్‌స్టన్ పట్టణము నుండి గెలిచి సభలో చేసిన మొదటి యుపన్యాసమును సభ్యులు నవ్వులతోను కూతలతోను ముంచివేసిరి. వారే తన మాట వినవలసిన కాలము వచ్చునని కేకవేసి ఆయన కూర్చుండెను. 1839లో తనకంటె పండ్రెండేండ్లు పెద్దదియు, ధనవంతురాలును, వితంతువును అగు మేరీ ఆన్‌ను వివాహమాడెను. ధనమునకై చేసికొన్న పెండ్లి యని లోకమనెను. ఆ దంపతుల అన్యోన్యము చూచి తరువాత లోకమే నోరు మూసికొనెను.

నాటి టోరీ పక్షమునకు నాయకుడు సర్ రాబర్టు పీలు. ఈయన ప్రత్తిమిల్లుల యజమాని కుమారుడు. ఆక్స్‌ఫర్డులో ప్రాచీన భాషలయందును గణితమునందును, రెంటను ప్రథమశ్రేణి పొందిన మేధావి. 1834లో తన నియోజకవర్గమగు టామ్‌వర్తు వోటర్లకు ఒక ప్రకటన వ్రాసి, దోషములున్న చోట దిద్దుచు మంచిని నిలుపుటయే ఇకమీద తమ విధానమని చాటెను. కన్సర్వేటివు పక్షమను పేరు స్థిరపడినది ఆ దినములలోనే. గ్లాడ్‌స్టను, గ్రేహాము, అబర్డీను ప్రభువు, సిడ్నీ హెర్బర్టు మున్నగువారు ఆయన చుట్టు చేరిరి. గ్లాడ్‌స్టనుకు కూడ ఆక్స్‌ఫర్డులో అవే రెండు ప్రథమశ్రేణులు. వీరు నివేదికలు చదువువారు, అంకెలు తెలిసినవారు, పరిపాలన యనగా నొక శాస్త్రమని నమ్మినవారు.

వారి వెనుక బల్లలపై కూర్చుండువారు వేఱు. గుఱ్ఱములు, వేటకుక్కలు, కౌలుదార్లు, గ్రామపు చర్చి, ఇవియే ఆ భూస్వాముల లోకము. వారు ఉపన్యాసములు చేయరు. పిలుపు వచ్చినపుడు వచ్చి వోటు వేయుదురు. తాను విచారించి నిశ్చయించిన దానిని వారు తలవంచి అంగీకరించుటయే ధర్మమని పీలు భావము. 1829లో హోంమంత్రిగా నుండి, కాథలిక్కులకు పార్లమెంటు ప్రవేశము విషయమున ఆయన ఒకమారు వారికి దిగ్భ్రమ కలుగునట్లు మాట మార్చియుండెను. ఆ పుండు మానకుండగనే రెండవ గాయము తగిలినది. అదియే ధాన్యపు సుంకము.

ఈ సుంకము సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది. నెపోలియనుతో యుద్ధము ముగిసిన 1815లో, విదేశపు గోధుమ వచ్చిపడి స్వదేశపు ధర తగ్గునను భయముచే, భూస్వాములతో నిండిన పార్లమెంటు ఒక శాసనము చేసెను. దేశములో గోధుమ ధర క్వార్టరుకు 80 షిల్లింగులకు చేరు వఱకు పరదేశపు గోధుమను అమ్మనీయరాదని దాని తాత్పర్యము. క్వార్టరనగా మన లెక్కలో రెండు క్వింటాళ్ళ పైచిలుకు. 1828లో దీనిని మార్చి, ధర పెరిగిన కొలది తరుగు సుంకము నేర్పరచిరి. 1842లో పీలు దానిని మఱల సవరించి, ధర 51 షిల్లింగులకు లోబడినపుడు సుంకము 20 షిల్లింగులనియు, ధర 73 షిల్లింగులు గాని అంతకు పైగాని యున్నపుడు ఒక్క షిల్లింగనియు నిర్ణయించెను. చూచుటకు త్రాసు ముల్లు వలె తిన్నగా కనబడు ఏర్పాటే. కాని, పట్నపు కూలివాని రొట్టె ధర పల్లెటూరి భూస్వామి కౌలు రాబడికి కట్టివేయబడి యుండుటయే దాని సారము. భూస్వాములది వట్టి దురాశ యనుట కూడ న్యాయము కాదు. బీదల పోషణకు, చర్చికి, బాటలకు పన్నులు భూమి మీదనే పడుచుండెను. ధర పడిపోయిన యెడల కౌలుదారును, కూలివాడును తమతోపాటే కూలుదురని వారు నిజముగనే నమ్మిరి. 1841 ఎన్నికలలో ఆ సుంకమును నిలుపుదుమని వోటర్లకు మాటయిచ్చియే వారిలో పెక్కుమంది గెలిచిరి. ఆ గెలుపు వలననే పీలు ప్రధానమంత్రి యయ్యెను.

ఆ మంత్రివర్గములో తనకు చోటిమ్మని డిజ్రేలీ పీలునకు జాబు వ్రాసెను. చోటు దొరకలేదు. పదవి లేని ఆ యేండ్లలో ఆయన కొందఱు యువప్రభువులతో కూడి యంగ్ ఇంగ్లండను చిన్న ముఠా కట్టెను. 1844లో కానింగ్స్‌బీ, 1845లో సిబిల్ అను నవలలు వ్రాసెను. ధనికులును దరిద్రులును ఒకే దేశములో ఒకరినొకరు ఎఱుగని రెండు జాతులుగా బ్రతుకుచున్నారని రెండవ దానిలో చూపెను. మిల్లు కూలీల ఇండ్లు, గనుల బ్రతుకు వర్ణించుటకు ప్రభుత్వ విచారణ సంఘముల నివేదికలను వెదకి చదివెను. నవలకు నివేదికలు చదివినవాని నేను వేఱొకని వినలేదు.

1845 శరత్తులో ఐర్లండున ఆలుగడ్డకు తెగులు సోకెను. ఆ దుంపయే అన్నముగా బ్రతుకు లక్షలాది బీదలకు ఆకలి చావు ఎదురయ్యెను. కరువు ముంగిట నిలిచియుండగా పరదేశపు ధాన్యముపై సుంకము వేయుట పీలు మనస్సునకు అసాధ్యమయ్యెను. నిజమునకు, అంకెలు చూచి చూచి ఆయన అంతకు ముందే ఆ సుంకముపై విశ్వాసము కోల్పోయియుండెను. 1846 జనవరిలో సుంకమును దశలవారీగా ఎత్తివేయ ప్రతిపాదించెను. వెనుక బల్లల వారికి పిడుగు పడినట్లయ్యెను. నోరులేని ఆ భూస్వాములకు ఆ దినమున నోరైనవాడు డిజ్రేలీ.

ఆయనకు తోడుగా నిలిచినవాడు లార్డు జార్జి బెంటింకు. ఈతడు మన దేశమున సతీసహగమనమును నిషేధించిన విలియం బెంటింకునకు అన్న కుమారుడు. పదునెనిమిదేండ్లు సభలో కూర్చుండియు ఇంచుమించు నోరు విప్పక, గుఱ్ఱపు పందెములలోనే కాలము గడపినవాడు. నాయకుడు తమను మోసగించెనను కోపము అతనిని వక్తను చేసెను. గుఱ్ఱముల నమ్మివేసి సుంకపు లెక్కలు చదువ నారంభించెను. డిజ్రేలీ ఉపన్యాసములు అట్లు కావు. మెల్లగా, మొగమున నవ్వు లేకుండ, పీలును ఒక్కొక్క మాటతో ఒలిచి చూపెడివాడు. ఏ పక్షమువాని బట్టలు కాజేసి తొడుగుకొన్నవానివలె పీలు నిలిచియుండెనని ఆయన వర్ణించినపుడు సభ యంతయు గొల్లుమనెను. మే 15వ తేదీన తుది వోటు జరిగెను. సొంత పక్షములో పీలు వెంట నిలిచినవారు 106 మంది. ఎదురు తిరిగినవారు రెండువందల ఇరువదికి పైగా నుండిరి. ప్రతిపక్షమగు విగ్గుల వోట్లతోనే శాసనము నెగ్గినది.

ఆ రాత్రియే యొక సంఘటన జరిగెను. తనను ఇంత ద్రోహిగా ఎంచువాడు 1841లో తన కొలువునకు ఏల సిద్ధపడెనని పీలు అడిగెను. డిజ్రేలీ లేచి, తానెన్నడును పదవి నర్థింపలేదని సభలో బొంకెను. జాబు ఉన్నదే గాని, పీలు దానిని చదివి వినిపింపలేదు. ఒక్క క్షణములో శత్రువును మట్టిగఱపింప గలిగియు ఆయన ఊరకుండెను. ఈ ఘట్టములో పెద్దఱికము ఎవరిదో చెప్పనక్కఱలేదు. జూను 25వ తేదీన సుంకపు శాసనము ప్రభువుల సభలో నెగ్గినది. అదే రాత్రి కామన్సు సభలో ఐర్లండు శాంతిభద్రతల బిల్లుపై భూస్వాములు విగ్గులతో కలిసి 292 వోట్లకు 219 వోట్లతో పీలును ఓడించిరి. ఆయన రాజీనామా యిచ్చెను.

ధాన్యము విషయమున పీలుదే న్యాయము. ఆకలిగొన్నవాని ముందర సుంకము నిలువరాదు. కాని వోటర్లకు ఒక మాటయిచ్చి, గెలిచి, వారిని గాని, తన్ను గెలిపించినవారిని గాని ఒప్పించు శ్రమపడక, నాకు తెలిసినది మీకు తెలియదు గనుక తలయూపుడని నడచుకొనుట పండితులకు కలుగు దోషము. డిజ్రేలీ పట్టుకొన్నది ఆ దోషమును. ఆయన అసూయతో పట్టుకొనెననుట నిజమే. అయినను దోషము దోషమే.

పీలు అనుచరులతో పక్షపు మేధస్సంతయు వెడలిపోయినది. గ్లాడ్‌స్టను మొదలగువారు క్రమముగా లిబరలు పక్షమున కలిసిరి. 1861లో జాన్ స్టువర్టు మిల్లు, ఈయన మన రైతుల సిస్తు తగవుల కాగితములు చదివిన ఈస్టిండియా కంపెనీ కచేరీ యుద్యోగియే, కన్సర్వేటివులను మందబుద్ధుల పక్షమని వ్రాసెను. అట్టి పక్షమునకు వాగ్ధాటి గల నాయకుడు ఒక్క డిజ్రేలీయే మిగిలెను. అయినను వారు ఆయనను నమ్మలేదు. పుట్టుక యూదుడు, వృత్తి నవలలు వ్రాయుట, ఆస్తి అప్పులు! మహాభారతమున కుమారాస్త్ర విద్యా ప్రదర్శనమునాడు కర్ణుని కులమడిగి తలవంపు చేసినపుడు, దుర్యోధనుడు అప్పటికప్పుడు అంగరాజ్యమిచ్చి అభిషేకించినట్లు, బెంటింకు కుటుంబమువారు 25,000 పౌనులు అప్పిచ్చి, 1848లో హ్యూఎండెన్ అను ఎస్టేటు ఆయనకు అమరునట్లు చేసిరి. భూస్వాముల నాయకుడు భూస్వామి కావలయును గదా! ఆ నడుమనే, 1847లో, యూదులను పార్లమెంటునకు రానిచ్చు ప్రస్తావన వచ్చినపుడు, తన పక్షమంతయు విరోధించుచుండగా డిజ్రేలీ దానిని సమర్థించి మాటలాడెను. బెంటింకు దానికే వోటు వేసి నాయకత్వమును పోగొట్టుకొనెను. పదవికొఱకు ఏమైన చేయువాడని డిజ్రేలీని నిందించువారు ఈ సంగతి తలపవలయును. మఱుసటి యేడు బెంటింకు హఠాత్తుగా మరణించెను.

డెర్బీ ప్రభువు పెత్తనమున ఆయన 1852లో కొద్ది నెలలు ఆర్థికమంత్రి యయ్యెను. ధాన్యపు సుంకము మఱల వేయుట ఇక జరుగని పనియని గ్రహించి, దానిని మెల్లగా పాతిపెట్టిన వాడును ఆయనయే. పీలును కూల్చిన యుద్ధమునకు ఆరేండ్లలో ఇది ఫలము! 1857లో మన దేశమున తిరుగుబాటు జరిగినపుడు, అది కేవలము సిపాయిల అల్లరియా, జాతి యంతయు లేచినదా యని సభలో నిలదీసి, దేశీయుల ఆచారములలోను, వారసత్వములలోను, ఆస్తులలోను తలదూర్చుటయే మూలమని ఆయన వాదించెను. మఱుసటి యేడు డెర్బీ ప్రభుత్వమే కంపెనీ పాలన రద్దు చేసినది.

ఇక 1867 సంగతి. పట్టణములలోని పనివారికి వోటు హక్కు నిచ్చుటయా, మానుటయా యను ప్రశ్న దేశమును కుదిపివేయుచుండెను. లిబరలులు ముందటి యేడు ప్రయత్నించి భంగపడిరి. ఇప్పుడు కన్సర్వేటివుల వంతు వచ్చినది. మంత్రివర్గములో ఇండియా మంత్రిగా నున్న క్రాన్‌బర్ను ప్రభువు, అనగా తరువాత సాలిస్బరీ ప్రభువు, పీలు పిమ్మట ఆ పక్షమున పుట్టిన నిజమైన మేధావి. ప్రాచీన ప్రభువంశమున పుట్టియు, తండ్రికి ఇష్టములేని పెండ్లి చేసికొనుటచే చేతిలో పైకము చాలక, పత్రికలకు వ్యాసములు వ్రాసి సంసారము నడపినవాడు. సంఖ్యాబలము గలవారి చేతికి అధికారము పోయినచో ఆస్తికిని, విద్యకును, స్వేచ్ఛకును రక్షణ యుండదని ఆయన దృఢవిశ్వాసము. వోటు పొందువారి సంఖ్యను అదుపులో నుంచు కట్టుబాట్లు బిల్లులో పెక్కు కలవని డిజ్రేలీ ఆయనను నమ్మబలికెను. ఫిబ్రవరి 24వ తేదీ ఆదివారము రాత్రి క్రాన్‌బర్ను అంకెల పట్టికలు ముందు వేసికొని ఒక్కొక్క పట్టణమునకు లెక్క కట్టెను. చిన్న పట్టణములలో ఆ కట్టుబాట్లు నిలువవని తేలెను. తెల్లవారుసరికి డెర్బీకి జాబు వెళ్ళినది. మంత్రివర్గము తత్తరపడి, కొన్ని నిమిషములలోనే బిల్లును మార్చి సభ ముందు పెట్టి నవ్వులపాలై, మఱల పాత బిల్లునకే మరలెను. మార్చి 2వ తేదీన క్రాన్‌బర్ను, కార్నార్వన్ ప్రభువు, జనరలు పీలు రాజీనామా లిచ్చిరి. ఈ జనరలు సర్ రాబర్టు పీలునకు తమ్ముడే. ఆ రాత్రి వేసిన లెక్కలో తప్పు లేదు. అంకెలు తెలిసిన వానిగా చెప్పుచున్నాను, తప్పు లెక్కలో కాదు, లెక్కింపబడిన మనుష్యులను గూర్చిన భయములో నున్నది.

డిజ్రేలీ జంకలేదు. కట్టుబాట్లు ఒక్కొక్కటియే ఊడిపోయెను. మే 17వ తేదీన హాడ్జ్‌కిన్సన్ అను లిబరలు సభ్యుడు, ఇంటియజమాని ద్వారా పన్ను చెల్లించు అద్దెయిండ్లవారికి కూడ వోటు కలుగునట్లు సవరణ తెచ్చెను. మంత్రివర్గమును సంప్రతింపకయే, సభలో జనము పలుచగా నుండగా, డిజ్రేలీ దాని నంగీకరించెను. ఆ యొక్క మాటతో నాలుగైదు లక్షల వోట్లు పెరిగెను. ఇంగ్లండు, వేల్సు దేశములలో పది లక్షలున్న వోటర్లు ఇంచుమించు ఇరువది లక్షలైరి. అక్టోబరులో క్రాన్‌బర్ను క్వార్టర్లీ రివ్యూ అను పత్రికలో ఇది కన్సర్వేటివుల లొంగుబాటని ఘాటైన వ్యాసము వ్రాసెను. ఆ నెలలోనే డిజ్రేలీ ఎడింబరోలో మాటలాడుచు, తన పక్షమునకు తాను చదువు చెప్పవలసి వచ్చినదని చెప్పెను. కళాశాల యెఱుగనివాడు, ఆక్స్‌ఫర్డు పండితులను వదలుకొని, వేటగాండ్రకు ప్రజాస్వామ్యము నేర్పెనన్నమాట. ఇందు ఎంత సిద్ధాంతము, ఎంత చదరంగము అని యడిగిన, చదరంగమే హెచ్చని చెప్పవలయును. గ్లాడ్‌స్టనును మించవలయునను పట్టుదలయే ఆ వేసవిలో ఆయనను నడపినది. అయినను పట్నపు కూలివాడును పాత మర్యాదలను ప్రేమింపగలడను నమ్మకము, సిబిల్ నాటినుండి ఉన్నది, ఆయనకు లేకున్న ఆ ఆట ఆడియుండడు.

1868లో డెర్బీ వైదొలగగా డిజ్రేలీ ప్రధానమంత్రి యయ్యెను. క్రొత్త వోటర్లు ఆ యేటనే ఆయనను ఓడించిరి! ఆయన నిరాశపడక, పట్టణములందు పనివారి కన్సర్వేటివు సంఘములను, లండనులో పక్షపు కేంద్ర కార్యాలయమును బలపరచి ఆరేండ్లు కాచుకొనియుండెను. 1872లో భార్య మరణించెను. 1874లో, పీలు గెలుపు తరువాత ముప్పదిమూడేండ్లకు, ఆ పక్షమునకు తిరుగులేని ఆధిక్యము వచ్చెను. సాలిస్బరీ మిక్కిలి సంకోచముతో, డిజ్రేలీని నమ్మకయే, ఆయన మంత్రివర్గమున చేరెను. 1875వ సంవత్సరమున హోంమంత్రి క్రాసు చేతిమీదుగా పనివారి గృహనిర్మాణ శాసనము, కార్మిక సంఘముల శాంతియుతమైన సమ్మె నేరము కాదను శాసనము, యజమానియు పనివాడును చట్టము ముందు సమానులను శాసనము వెలువడెను. ప్రజారోగ్య శాసనము, ఆహార కల్తీ నిషేధ శాసనమును ఆ యేటివే. గనికార్మికుల ప్రతినిధి మాక్డొనాల్డు తాను లిబరలు పక్షమువాడై యుండియు, కూలివారి మేలులో కన్సర్వేటివుల ఐదేండ్లు లిబరలుల యాభైయేండ్లను మించినవని ఒప్పుకొనెను.

పట్నపు కూలివానికి అంత చేసిన ప్రభుత్వము మన తెలుగునాట ఏమి చేసినదో చెప్పక విడిచిన ఈ చరిత్రము అసత్యమగును. రాణి కోర్కెపై డిజ్రేలీ 1876లో ఆమెకు భారత చక్రవర్తిని బిరుదమిచ్చు శాసనము చేయించెను. ఆ యేడే ధాత నామ సంవత్సరము. వానలు లేక బళ్ళారి, కర్నూలు, కడప మండలములు మాడిపోయెను; నెల్లూరును తప్పించుకొనలేదు. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో బిరుదోత్సవ దర్బారు జరుగుచుండగా, ఇచ్చట జనులు బాటల ప్రక్క ప్రాణములు విడుచుచుండిరి. రాజప్రతినిధి లిట్టను ప్రభువు కవి. డిజ్రేలీ మిత్రుడగు నవలాకారుని కుమారుడు. డిజ్రేలీ ఏరి పంపినవాడు. ధాన్యపు వర్తకములో సర్కారు చేయి పెట్టరాదను సిద్ధాంతమును ఆయన వేదవాక్యముగా పట్టుకొనెను. ఎగుమతులు ఆగలేదు. కరువు పనులలో కూలికి రోజుకు ఒక పౌను ధాన్యము, పైన కొద్దిపాటి డబ్బు చాలునని కట్టుదిట్టము చేసిరి. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు కూడ ఆ పక్షమువాడే, 1867లో డిజ్రేలీతోపాటు మంత్రిగా నుండినవాడే. ఆయన ప్రభుత్వము తానే ధాన్యము కొనగా పై ప్రభుత్వము ఆక్షేపించినది. కోస్తా తీరమున మనమెఱిగిన బకింగ్‌హాం కాలువకు ఆ పేరు వచ్చినది ఈయన వలననే; మద్రాసులో దాని భాగమును కరువు పనిగా త్రవ్వించిరి. 1846లో ఐర్లండు ఆకలిని చూచి పీలు తెచ్చిన స్వేచ్ఛావర్తకమే, మూడు దశాబ్దములకు మన కడపలో గింజ దొరకనీయని సిద్ధాంతమైనది. కరువులో చచ్చినవారు దక్షిణాపథమున యాభై లక్షలకు మించిరని పలువురి అంచనా. వారిలో ఒక్కనికిని వోటు లేదు. నాటి ఇండియా మంత్రి సాలిస్బరీయే. 1866లో ఒరిస్సా, గంజాం కరువునాడును ఆ పదవిలో నుండి, తాను రెండు నెలలు చేతులు ముడుచుకొని కూర్చుంటినని తరువాత విచారపడినవాడు.

డిజ్రేలీ 1876లో బీకన్స్‌ఫీల్డు ప్రభువై పై సభకు వెళ్ళెను. సూయజు కాలువ వాటాలు నలువది లక్షల పౌనులకు కొనుట, 1878లో సాలిస్బరీతో కూడి బెర్లిను సభలో రష్యాను నిలువరించుట లోకము మెచ్చిన కార్యములు. ఒకప్పుడు మోసగాడన్నవాడే ఈ నాటికి ఆయనకు కుడిభుజ మయ్యెను. ఆఫ్ఘను యుద్ధము, జూలూ యుద్ధము వ్యయమును, అపకీర్తిని తెచ్చినవి.

1879లో ఇంగ్లండున వానలు విడువక కురిసి పంటలు కుళ్ళిపోయెను. పూర్వము పంట చెడిన ధర పెరిగి రైతును కొంత ఆదుకొనెడిది. ఈసారి అమెరికా గోధుమ ఓడల మీద వచ్చిపడి ధరను పెరుగనీయలేదు. 1846లో ఆయన వెనుక బల్లలనుండి చెప్పిన జోస్యము అక్షరాల నిజమైన దినమున ఆయనయే ప్రధానమంత్రిగా నుండెను. భూస్వాములు, కౌలుదార్లు సుంకము వేయుమని మొఱపెట్టిరి. రొట్టె కొనుక్కొని తిను పట్నపు వోటర్లు వేచి చూచుచుండిరి. విచారణ సంఘమును వేసెనే గాని, ఆయన సుంకము వేయలేదు. 1880లో పట్నములును, పల్లెలును ఆయనను ఓడించినవి.

ఆయన మఱల నవల వ్రాసి ప్రకటించి, 1881 ఏప్రిలు 19వ తేదీన లండనులో మరణించెను. ఆయన కోరిన ప్రకారము, హ్యూఎండెన్ గ్రామపు చర్చి ఆవరణలో భార్య ప్రక్కనే పాతిపెట్టిరి. రాణి ప్రిమ్‌రోజు పూలు పంపినది. గ్లాడ్‌స్టను రాలేదు. సాలిస్బరీ వచ్చెను, తరువాత పక్షపు నాయకత్వము క్రమముగా ఆయనకే దక్కెను. 1883లో రాండాల్ఫు చర్చిల్లు మొదలగువారు ఆ పూవు పేరిట ఒక సంఘము స్థాపింపగా, పట్నపు పనివారును, స్త్రీలును లక్షల సంఖ్యలో చేరిరి. 1884లో పల్లెకూలీలకు వోటిచ్చునపుడు సాలిస్బరీ గ్లాడ్‌స్టనుతో ఎదురెదురుగా కూర్చుండి నియోజకవర్గముల హద్దులు ఒక్కొక్కటియే లెక్కగట్టి పంచుకొనెను. పిదప 1902 వఱకు మూడు పర్యాయములు, మొత్తము పదుమూడేండ్ల పైచిలుకు, ఆ వోటర్ల మీదనే ఆయన ప్రధానమంత్రిగా నుండెను.